కోపం వినిపించింది సరే, పాట వినిపించిందా?

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద ఇద్దరు కళాకారులు కనిపించారు. ఒకరు గాయని ధీ, మరొకరు కెనడాలో ఉండే తమిళ ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్. ఆ సంచికలో ప్రధానంగా చెప్పుకున్న పాటలు రెండు: 'ఎంజాయ్ ఎంజామీ', 'నీయే ఒళి'. రెండింటి రచనలోనూ అరివు ఉన్నారు. మొదటి పాటలో ఆయన గొంతు కూడా ఉంది. ముఖచిత్రం మీద మాత్రం ఆయన లేరు. దర్శకుడు పా. రంజిత్ దీన్ని బహిరంగంగా ప్రశ్నించారు. చర్చ పెరిగాక అదే పత్రిక అరివుతో ఒక డిజిటల్ ముఖచిత్రం విడుదల చేసింది.

అప్పుడు జరిగిన చర్చ అంతా గుర్తింపు గురించి. అది జరగాల్సిన చర్చే. కానీ ఆ రోజుల్లో వచ్చిన రాతలు మళ్లీ తీసి చదువుతుంటే మాకు ఇంకో ప్రశ్న తగిలింది. అరివు గురించి చాలామంది రాశారు. ఆయన కోపం గురించి, ధిక్కారం గురించి, శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన ఆయన అవ్వ వల్లియమ్మాళ్ గురించి రాశారు. ఒప్పారి, అంటే చావు ఇంట్లో ఆడవాళ్లు పాడే ఏడుపు పాట, ర్యాప్ పక్కన ఎలా కూర్చుందో రాసినవాళ్లు ఎంతమంది? ఆ రెంటికీ మధ్య లయ ఎక్కడ మారింది, ఎందుకు మారింది అని అడిగినవాళ్లు ఎంతమంది?

దళిత కళాకారుల ఆల్బమ్ వచ్చినప్పుడు దాని మీద జరిగే విమర్శలో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎక్కడి నుంచి వచ్చిందో, మన ఉద్యమాల్లో ఉన్నవాళ్లం కూడా అందులో ఎలా భాగమయ్యామో ఈ వ్యాసంలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

సమీక్ష ముందుగా చేసే పని

కొత్త ఆల్బమ్ మీద సమీక్ష అనగానే మనకు గుర్తొచ్చేది మార్కులు. అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గావ్ 1969లో న్యూయార్క్‌లోని విలేజ్ వాయిస్ పత్రికలో పరీక్ష పేపర్లకు వేసినట్టు ఆల్బమ్‌లకు గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. 1996లో మొదలైన పిచ్‌ఫోర్క్ వెబ్‌సైట్ పదికి మార్కులు వేసింది, అదీ దశాంశాలతో. 7.9కీ 8.1కీ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు. అయినా అంకె కనిపించగానే తూకం సరిగ్గా వేశారనే నమ్మకం కలుగుతుంది.

నిజానికి మార్కు కంటే ముందు ఇంకో పని జరిగిపోతుంది. సమీక్షకులు ఆ ఆల్బమ్‌ని ఒక గదిలో పెడతారు. ఇది రాక్, ఇది పాప్, ఇది హిప్‌హాప్, ఇది జానపదం, ఇది శాస్త్రీయం. ఏ గదిలో పెట్టారన్న దాన్ని బట్టే దేనితో పోల్చాలి, ఏ కొలత వాడాలి, ఏ లోపాన్ని క్షమించాలి అన్నవి తేలిపోతాయి. కర్ణాటక సంగీత కచేరీ మీద రాసేటప్పుడు రాగం, కాలప్రమాణం, శ్రుతి శుద్ధత చూస్తారు. గానా ఆల్బమ్ మీద రాసేటప్పుడు వీధి, పేదరికం, ఆగ్రహం చూస్తారు. మొదటివాళ్లు ఏం చేశారో రాస్తారు. రెండోవాళ్లు ఎవరో రాస్తారు.

కాబట్టి వివక్ష కోసం మార్కుల దగ్గర వెతికితే దొరకకపోవచ్చు. చాలాసార్లు మార్కులు బాగానే వేస్తారు. గది కేటాయించే దగ్గర వెతకాలి.

గదులు ఎవరు కట్టారు?

దీని చరిత్ర అమెరికాలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. 1920లో నల్లజాతి గాయని మేమీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' రికార్డు చేశారు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత వాళ్ల కోసం 'రేస్ రికార్డ్స్' పేరుతో విడి వరస మొదలుపెట్టారు. దక్షిణాది పేద తెల్లవాళ్ల పాటలకు 'హిల్‌బిల్లీ' అని ఇంకో వరస పెట్టారు.

ఈ రెండు వరసల్లో ఉన్న సంగీతం అప్పటికి అంత విడిగా లేదు. ఒకే ఊళ్లలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఫిడేలు వాయించేవారు, బాంజో వాయించేవారు. బాంజో మూలమే ఆఫ్రికాది. కానీ నల్ల కళాకారుడు వస్తే బ్లూస్ పాడమన్నారు. ఫిడేలు పాటలు తెల్లవాళ్ల వరసలోకి పోయాయి. అలా చర్మం రంగును బట్టి మొదలైన విభజన కొన్నేళ్లకు సంగీతం రకాన్ని బట్టి సహజంగా ఏర్పడిన విభజనలా కనిపించడం మొదలైంది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్ రికార్డ్స్' అనే పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. పేరు మారింది, గోడ అక్కడే ఉంది.

ఆ గోడ ఇప్పటికీ ఉందనడానికి దగ్గరి ఉదాహరణలే ఉన్నాయి. 2019 మార్చిలో లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను బిల్‌బోర్డ్ తన కంట్రీ పాటల జాబితా నుంచి తీసేసింది. అందులో నేటి కంట్రీ సంగీత లక్షణాలు చాలినన్ని లేవన్నది చెప్పిన కారణం. ఆ పాటే అన్ని రకాల పాటలకూ కలిపి ఉండే హాట్ 100 జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో నిలబడింది. 2024 మార్చిలో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' ఆల్బమ్ తెచ్చారు. ఈ గోడ గురించే మాట్లాడిన ఆల్బమ్ అది. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డులకు దానికి ఒక్క నామినేషన్ కూడా రాలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీల్లో మాత్రం ఉత్తమ కంట్రీ ఆల్బమ్, ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్, రెండూ దానికే వచ్చాయి. ఒకే ఆల్బమ్ ఒక సంస్థ లెక్కలో కంట్రీకి అసలు కనిపించలేదు, ఇంకో సంస్థ లెక్కలో ఆ రకంలో అన్నిటికంటే మేలైనది అయింది. ఈ రెండు తీర్పుల మధ్య ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా మారలేదు.

బరాకా చెప్పింది, మన దగ్గర తిరగబడింది

ఈ విషయం మీద అందరూ చదవాల్సిన వ్యాసం ఒకటుంది. 1963లో డౌన్‌బీట్ పత్రికలో అమీరి బరాకా రాసిన 'జాజ్ అండ్ ద వైట్ క్రిటిక్'. అప్పటికి ఆయన పేరు లెరాయ్ జోన్స్. నల్లవాళ్ల సంగీత చరిత్ర మీద ఆయన పుస్తకం 'బ్లూస్ పీపుల్' వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ వ్యాసంలో ఆయన వాదన క్లుప్తంగా ఇది: జాజ్‌లో గొప్ప వాద్యకారుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు, విమర్శకుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు. ఆ విమర్శకులు స్వరాలను విన్నారు గానీ, ఆ స్వరాలను పుట్టించిన జీవితాన్నీ ఆలోచననూ వినలేదు. సంగీతాన్ని దాని మనుషుల నుంచి విడదీసి ఒక వస్తువులా పరీక్షించారు.

ఈ వాదనను మన సెమినార్లలో తరచూ ఉదహరిస్తుంటారు. మేమూ ఉదహరించాం. కానీ మన దేశంలో దళిత సంగీతం మీద వచ్చే సమీక్షలు చదువుతున్నకొద్దీ ఇక్కడ సమస్య తలకిందులుగా ఉందని మాకు అనిపిస్తోంది. అక్కడి తెల్ల విమర్శకులు స్వరాన్ని విని జీవితాన్ని వదిలేశారు. ఇక్కడి సవర్ణ విమర్శకులు జీవితాన్ని పట్టుకుని స్వరాన్ని వదిలేస్తున్నారు. కోపం వినిపిస్తుంది, వేదన వినిపిస్తుంది, 'అణచివేతకు గురైన గొంతు' వినిపిస్తుంది. సంగీతం వినిపించదు.

ఇది గౌరవంలా కనిపిస్తుంది. కానీ దీని వెనక ఒక నమ్మకం ఉంది. కళకు శిక్షణ కావాలి, ఆలోచన కావాలి, ఎంపిక కావాలి. కోపానికి అవేవీ అక్కర్లేదు, దానంతటదే పొంగుకొస్తుంది. ఒక కళాకారుడి పనిని కోపంగా మాత్రమే వర్ణిస్తే అతను ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్యను లెక్కలోంచి తీసేసినట్టే.

పంజాబ్ చూడండి. జలంధర్‌కు చెందిన గిన్నీ మాహీ చిన్న వయసులోనే రవిదాసియా భక్తి పాటలతో, అంబేద్కర్ పాటలతో పేరు తెచ్చుకున్నారు. 2016 నాటికి 'డేంజర్ చమార్' పాటతో దేశమంతా తెలిశారు. వెంటనే ఇంగ్లిష్ పత్రికలు ఆమె సంగీతానికి 'చమార్ పాప్' అని పేరు పెట్టాయి. పంజాబీ పాప్‌లో జాట్ల భూమి గురించి, మీసం గురించి, ట్రాక్టర్ గురించి, తుపాకీ గురించి లెక్కలేనన్ని పాటలున్నాయి. పత్రికలు వాటిని 'జాట్ పాప్' అనే అరలో పెట్టవు. వాటిని పంజాబీ పాప్ అంటాయి. ఆధిపత్య కులం పాట ప్రాంతానికి ప్రతినిధి అయింది, దళిత కులం పాట కులానికి ప్రతినిధి అయింది. ఆమె తన కులం పేరును గర్వంగా పాడుకోవడం ఒక సంగతి. దాన్నే ఆమె సంగీతానికి హద్దుగా గీయడం వేరే సంగతి. ఆమె గొంతు శ్రుతిలో ఎంత నిలకడగా ఉంటుందో, భక్తి గీతం బాణీ నుంచి డ్యాన్స్ బీట్‌లోకి ఎలా మారుతుందో ఆ కథనాల్లో వెతకాల్సి వస్తుంది.

పంజాబ్‌లోనే ముందు తరం ఉదాహరణ అమర్ సింగ్ చమ్కీలా. లుధియానా దగ్గర దుగ్రీలో దళిత కుటుంబంలో ధనీరామ్‌గా పుట్టి, 1980లలో పంజాబ్ అఖాడాలను ఊపేశారు. 1988 మార్చి 8న మెహసంపూర్‌లో ఆయన్నీ సహగాయని అమర్‌జోత్‌నీ కాల్చి చంపారు. ఆయన మీద బతికుండగా వచ్చిన ప్రధాన విమర్శ అశ్లీలం. 2024లో ఇంతియాజ్ అలీ సినిమా వచ్చాక చాలామంది ఆయన్ని మళ్లీ కనుగొన్నారు. చమ్కీలా విషయంలో మన విమర్శ రెండు ప్రశ్నలను కలిపి పట్టుకోవాలి. ఏది అశ్లీలమో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నది ఒకటి. ఆ పాటల్లో ఆడవాళ్లకు ఇచ్చిన చోటు ఏమిటి అన్నది రెండోది. మొదటిది అడిగాం కదా అని రెండోది వదిలేస్తే అది విమర్శ అనిపించుకోదు.

క్యాస్ట్‌లెస్ కలెక్టివ్: విన్నది ఎంత?

2018 జనవరిలో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటి కచేరీ జరిగింది. పా. రంజిత్ నీలం సంస్థ, సంగీత దర్శకుడు తెన్మా కలిసి 19 మందితో ఆ బృందాన్ని తయారుచేశారు. పేరు అయోతీ దాసర్ వాడిన 'కులం లేని తమిళులు' అన్న మాట నుంచి వచ్చింది. రిజర్వేషన్ల మీద పాట, గొడ్డుమాంసం మీద పాట, జైభీమ్ గీతం, ఇవన్నీ వెంటనే వార్తలయ్యాయి. కావాల్సిందే.

సంగీతపరంగా ఆ బృందం చేసింది ఇంకా పెద్ద పని. గానా ఉత్తర చెన్నై వాడల పాట. దాని పుట్టుకలో చావుకు పెద్ద చోటుంది. శవం ఇంట్లో ఉండగా రాత్రంతా మేలుకుని, పోయినవాళ్ల గురించి పాడే పాట అది. చేతికి దొరికిన సామానే తాళం. అలాంటి పాటను రాక్ గిటార్, డ్రమ్స్, ర్యాప్ పక్కన నిలబెట్టడం సులభం కాదు. గిటార్ గట్టిగా మోగితే గానా గొంతులోని సాగదీత మునిగిపోతుంది. పరై పక్కన డ్రమ్ కిట్ పెడితే రెండూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. బృందం ఈ చిక్కును కొన్ని పాటల్లో బాగా విప్పింది, కొన్నిట్లో రాక్ గెలిచి గానా వెనక్కి పోయిందని మాకు అనిపించింది. ఇది మా అభిప్రాయం, దీన్ని కాదనవచ్చు. కాదనాలంటే మళ్లీ పాట వినాలి. విమర్శ చేయాల్సింది ఆ పనే.

ఇంకో సంగతి. గానా దాదాపు పూర్తిగా మగవాళ్ల చేతిలో ఉన్న కళ. ఆ బృందంలో ఇసైవాణి పాడారు. 2020లో బీబీసీ 100 మంది మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది. 'మొదటి మహిళ' అన్న విశేషణం దగ్గర చాలామంది ఆగిపోయారు. మగ గొంతు కోసం తయారైన స్థాయిలో, విరుపుల్లో ఒక ఆడ గొంతు పాడినప్పుడు గానా ఏం మారింది అన్నది అడగదగ్గ ప్రశ్న.

మన దగ్గర: దరువు తెలియని సమీక్ష

తెలుగులో పరిస్థితి ఇంకా పలుచగా ఉంది. మన పత్రికల్లో సంగీత సమీక్ష అంటే రెండే రకాలు. సభల్లో కచేరీ మీద రాసేది ఒకటి, సినిమా ఆడియో మీద రాసేది ఇంకొకటి. ఈ రెండింటి బయట ఉన్న పాటకు వార్త ఉంటుంది, సన్మానం ఉంటుంది, సంతాపం ఉంటుంది. సమీక్ష ఉండదు.

గద్దర్‌నే తీసుకోండి. 2023 ఆగస్టు 6న ఆయన పోయాక వేల పేజీలు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది. ఆయన విప్లవం గురించి, వైరుధ్యాల గురించి చదివాం. ఒక పాట మధ్యలో ఆగి మాటలోకి దిగి, ఆ మాటనే లయగా మార్చి మళ్లీ పాటలోకి వచ్చే ఆయన పద్ధతి గురించి ఎంత చదివాం? ముందు గొంతు అందించగానే వెనక బృందం అందుకునే తీరు, డప్పు ఆగిపోయినప్పుడు ఏర్పడే నిశ్శబ్దాన్ని ఆయన వాడుకునే తీరు, క్యాసెట్టులో ఆ నిశ్శబ్దం ఎలా మిగిలింది, ఇవన్నీ రాయాల్సినవి. జననాట్యమండలి క్యాసెట్లు ఆల్బమ్‌లే. వాటిని ఆల్బమ్‌లుగా విని రాసిన తెలుగు విమర్శ చాలా తక్కువ.

గోరటి వెంకన్నకు 'వల్లంకి తాళం' మీద 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాటను సాహిత్యంగా గుర్తించడం మంచి విషయమే. మన విశ్వవిద్యాలయాల్లో పాట మీద జరిగే పరిశోధన కూడా ఎక్కువగా తెలుగు శాఖల్లోనే జరుగుతుంది, కాబట్టి అందరం పాఠం మీదే పనిచేస్తాం. మాదీ అదే దారి. పాటను కాగితం మీద పెట్టి ప్రతీకలు, అలంకారాలు వెతుకుతాం. బాణీ కాగితం మీదికి రాదు, కాబట్టి మా సిద్ధాంత గ్రంథాల్లోకీ రాదు.

డప్పు విషయం చూస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. డప్పుకు ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సన్న పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాచి చర్మాన్ని బిగుతు చేస్తారు. చావుకు ఒక దరువు, పెళ్లికి ఒకటి, జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి. ఊళ్లో పెరిగినవాళ్లకు దూరం నుంచి దరువు వింటేనే ఏం జరుగుతోందో తెలుస్తుంది. అది ఒక భాష. ఇప్పుడు సినిమాలో, యూట్యూబ్ జానపదంలో డప్పు మోగని పాట అరుదు. చాలాచోట్ల అది ప్యాడ్ మీద వాయించిన రికార్డు శబ్దం. ఏ దరువు ఎక్కడ వాడారో తెలియకుండా చావు దరువును హీరో ప్రవేశానికి పెడితే, సమీక్షలో దాని పేరు 'మాస్ బీట్'. ఒకవేళ ఒక దళిత కళాకారుడు తెలిసే చావు దరువును పండగ పాటలో పెట్టాడనుకోండి. అది పదునైన రాజకీయ వ్యాఖ్య. దరువుల తేడా తెలియని సమీక్షకుడికి అదీ మాస్ బీటే. రాజకీయం పదాల్లోనే ఉంటుందని నమ్మేవాళ్లకు ఆ పాట రాజకీయం అసలు చేరదు.

'జానపదం' అనే అర, డబ్బు అనే సంగతి

ఏ అరలో పెట్టారన్నది గౌరవంతో ఆగదు, డబ్బు దాకా పోతుంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం సినిమాలో, రికార్డింగులో వాడిన పాటకు రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఉంటుంది, దాన్ని పూర్తిగా రాయించుకోవడం కుదరదు. మంచి రక్షణ ఇది. కానీ ఆ రక్షణ పొందాలంటే ముందు మీకు రచయితగానో, స్వరకర్తగానో గుర్తింపు ఉండాలి. పాట పక్కన 'జానపదం' అనో, 'సంప్రదాయం' అనో రాసిన క్షణం ఆ పాటకు రచయిత లేడు. దాన్ని తీసుకుని కొత్తగా కూర్చినవాళ్ల పేరు మాత్రం చేరుతుంది.

2021లో 'సారంగ దరియా' పాట సినిమాలో వచ్చినప్పుడు, దాన్ని ముందే సేకరించి టీవీలో పాడిన గాయనికి గుర్తింపు దక్కలేదని వివాదం వచ్చింది. 'ఎంజాయ్ ఎంజామీ' విషయంలోనూ 2022లో ఎవరి పని ఎంత అన్న వివాదం రేగింది. అరివు తన వాదన చెప్పారు, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ తన వాదన చెప్పారు. ఆ పాట వల్ల తమ ముగ్గురికీ ఆదాయం అందలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణనే ప్రకటించారు. ఈ వివాదాల్లో తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. పాట విడుదలైన రోజునే ఎవరు ఏం చేశారో వివరంగా రాసే సమీక్షలు ఉండి ఉంటే తర్వాతి చర్చ కొంతైనా గట్టి నేల మీద జరిగేది.

దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్న దృశ్యాలు చూసి అందరం బాధపడ్డాం. పద్మశ్రీకీ కూలికీ మధ్య లేనిది ఏమిటి? ఆయన కిన్నెర మీద ఒక పూర్తి ఆల్బమ్, దాన్ని కొనే శ్రోతలు, దాని గురించి రాసే విమర్శకులు, దాన్ని పిలిచే సభలు. అవార్డు ఒక్కరోజు ముచ్చట. కళాకారులు ఏడాది పొడవునా బతకాలంటే వినేవాళ్ల లోకం ఒకటి కావాలి, ఆ లోకాన్ని తయారుచేసే పనుల్లో సమీక్ష ఒకటి.

అందుకే అరివు 2024లో తెచ్చిన ఆల్బమ్ పేరు మాకు నచ్చింది: 'వల్లియమ్మా పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు. జానపదం అనే పేరులేని అర నుంచి తన అవ్వను బయటికి తెచ్చి ఆల్బమ్ అట్ట మీద పేరుతో నిలబెట్టారు.

మనం చేస్తున్నదేమిటి?

ఇప్పటిదాకా సవర్ణ విమర్శకుల గురించి మాట్లాడాం. ఇక మన సంగతి.

ప్రతి ఏడాది ఏప్రిల్ 14కి ముందు అంబేద్కర్ మీద పదుల కొద్దీ పాటలు యూట్యూబ్‌లోకి వస్తాయి. మనం వాటిని గ్రూపుల్లో పంచుకుంటాం, 'జైభీమ్' అని కింద రాస్తాం, వ్యూస్ లెక్కపెడతాం. ఆ పాట బాగుందా అని అడగం. ఒకసారి మా హాస్టల్లో ఊరేగింపు కోసం పాటలు ఎంచుతుంటే ఓ తమ్ముడు ఒక పాట విని, 'అన్నా, ఈ బాణీ ఫలానా సినిమా పాటదే కదా, గొంతు కూడా బీట్ కింద వినబడట్లేదు' అన్నాడు. గదిలో అందరం అతని మీద పడ్డాం. 'మనవాళ్లు సొంత డబ్బుతో చేసుకున్నారు, నువ్వు తప్పులు వెతుకుతున్నావా?' అన్నాం. ఆ పాటే పెట్టాం. ఊరేగింపులో నిజంగానే ఒక్క మాటా వినబడలేదు. తమ్ముడు మళ్లీ ఎప్పుడూ పాటల ఎంపికలో కూర్చోలేదు.

ఆ రోజు మేం చేసింది సవర్ణ సమీక్షకులు చేసేదే. పాట విషయం చూసి సరిపెట్టుకున్నాం, పాటను వినలేదు. ఆ పాట చేసిన పిల్లలకు తర్వాతి పాట ఇంకా బాగా చేయడానికి పనికొచ్చే మాట ఒక్కటి కూడా మన నుంచి అందలేదు. విమర్శిస్తే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టు అవుతుందనే భయం మనకుంది. ఆ భయం ఊరికే రాలేదు, బయట ఎగతాళి చేసేవాళ్లు కాచుకుని ఉన్నారు. కానీ మన కళాకారులను మనమే పసిపిల్లల్లా చూస్తే వాళ్లను సాటి కళాకారులుగా ఇంకెవరు చూస్తారు?

రాయాలనుకునేవాళ్లకు

సంగీతం నేర్చుకోలేదు, ఎలా రాస్తాం అని విద్యార్థులు అడుగుతుంటారు. స్వరాల పేర్లు తెలియకపోయినా శ్రద్ధగా వినడం వస్తే మొదలుపెట్టవచ్చు. మేం ప్రయత్నిస్తున్న పద్ధతి ఇది.

మొదటిసారి పదాలు పట్టించుకోకుండా వినండి. ఏ వాద్యాలున్నాయి, ఏది ముందు వినిపిస్తోంది, గొంతు ఎక్కడుంది, లయ ఎక్కడ మారింది అన్నవి రాసుకోండి. డప్పు ఉంటే ఏ దరువో తెలిసిన పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతో రాయండి, అయితే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి.

రెండోసారి పదాలతో వినండి. పదం చెప్పేదీ బాణీ చెప్పేదీ ఒకటేనా, రెండూ ఎదురుబొదురుగా నిలబడ్డాయా చూడండి. దుఃఖం గురించిన మాటలకు ఆడించే బీట్ పెడితే అది ఎంపికా, పొరపాటా?

తర్వాత పేర్లు చూడండి. రాసింది, కూర్చింది, వాయించింది, రికార్డు చేసింది ఎవరు? వాద్యకారుల పేర్లు ఉన్నాయా? 'సేకరణ' అని ఉంటే ఎవరి దగ్గర సేకరించారు? ఆడవాళ్లు ఎక్కడున్నారు, కోరస్‌లోనా, ముందా?

ఆపైన పోలిక. దళిత ర్యాపర్‌ను ఎప్పుడూ ఇంకో దళిత ర్యాపర్‌తోనే పోల్చకండి. ఏ ర్యాపర్‌తోనైనా పోల్చండి. ఆటోట్యూన్ వాడితే 'సహజత్వం పోయింది' అనేయకండి. మట్టివాసన ఎప్పుడూ మనమే మోయాలని ఎవరు చెప్పారు? కంప్యూటర్ శబ్దం మీద, ఖరీదైన స్టూడియో మీద మన పిల్లలకూ హక్కుంది.

చివరిగా, నచ్చనిది నచ్చలేదని కారణంతో రాయండి. 'బాగాలేదు' అనకుండా 'రెండో చరణంలో డప్పు ఆపి ఉంటే ఆ మాట నిలబడేది' అని రాస్తే అది చేసినవాళ్లకు పనికొస్తుంది. ఒప్పుకోకపోతే వాళ్లు వాదిస్తారు. ఆ వాదన కూడా మన సంగీత చరిత్రలో భాగమే.

పిచ్‌ఫోర్క్‌నే 2024 జనవరిలో దాని యజమాని సంస్థ జీక్యూ పత్రికలో కలిపేసింది. పెద్ద పత్రికల్లోనే ఆల్బమ్ సమీక్షకు చోటు తగ్గిపోతోంది. ఏ పాట వినాలో యాప్ చెబుతోంది, ఏ పాట గొప్పదో వ్యూస్ చెబుతున్నాయి. ఇలాంటి సమయంలో మనకు ఎవరో చోటిస్తారని ఎదురుచూడటం దండగ. చిన్న వెబ్‌సైట్లు, గోడపత్రికలు, స్టడీ సర్కిళ్లు మన చేతిలోనే ఉన్నాయి. వచ్చే ఏప్రిల్ 14కి వచ్చే పాటల్లో ఒక్కటి ఎంచుకోండి. మూడుసార్లు విని ఒక పేజీ రాయండి. రాసింది ముందుగా ఆ పాట చేసినవాళ్లకు పంపండి.

మేం కూడా రాస్తాం. అంతకంటే ముందు ఆ తమ్ముడిని మళ్లీ పాటల ఎంపికకు పిలవాలి.